ఆగ్నేయంలో అగ్ని సరే, వాయువుకు దారి ఏది?

ఈపూరు పరిసర గ్రామాలలో ఇల్లు కట్టుకొనబోయే గృహస్థుడు శంకుస్థాపన ముహూర్తం నిశ్చయమైన తరువాత అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒక్కటే: వంటయిల్లు ఆగ్నేయంలో పడుతున్నదా, లేదా? పడుతున్నదని చెబితే అతని మనస్సు కుదుటపడుతుంది. ఆ గదికి కిటికీ ఏ గోడకు పెట్టారు, తలుపు ఎటు తెరుచుకొంటుంది, పొయ్యి ముందు నిలుచునే ఇల్లాలికి గాలి ఎటునుండి వస్తుంది అన్నవి అతడు అడగడు. మేస్త్రీ అడగడు. కాగితం మీద గళ్లు గీసి ఇచ్చే వాస్తు సలహాదారు అసలే అడగడు. దిక్కు దొరికింది కనుక శాస్త్రం నెరవేరిందని అందరూ భావిస్తారు. ఈ భావన శాస్త్రసమ్మతం కాదు. శాస్త్రం పాకశాలకు దిక్కును విధించినది అగ్నిని గౌరవించడానికే కాని, వాయువును బంధించడానికి కాదు.

నియమం విషయంలో సందేహం లేదు. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యాధ్యాయంలో ఈశాన్యంలో దేవగృహాన్ని, ఆగ్నేయంలో మహానసాన్ని, నైరృతిలో పాత్రసామగ్రిని, వాయవ్యంలో ధనధాన్యాలను ఉంచవలెనని చెప్పినాడు. ఆలయాలలో కూడ నైవేద్యం వండే పాకశాల ఆగ్నేయంలో ఉండడం ఆగమసంప్రదాయం. ఆ దిక్కుకు అధిపతి అగ్నిదేవుడే. కనుక ఆగ్నేయ నియమాన్ని మూఢనమ్మకమని కొట్టిపారవేసే నవీనుల మాట ఒక వైపు, ఆ నియమం తప్ప మరేదీ లేనట్లు ప్రవర్తించే వారి మాట మరొక వైపు త్రోసిపుచ్చి, అసలు విధి దేనికోసం అన్న ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది.

ఆ ప్రశ్నకు మార్గం మీమాంసకులు వేసినారు. ఒక విధికి కంటికి కనిపించే ప్రయోజనం సంభవిస్తున్నప్పుడు, దానిని విడిచి కనిపించని ఫలాన్ని కల్పించడం న్యాయం కాదని వారి సిద్ధాంతం. వడ్లను దంచుమని చెప్పిన విధికి పొట్టు పోవడం దృష్టప్రయోజనం. ఆ ప్రయోజనం కనిపిస్తూ ఉండగా, దంచడం వలన మాత్రమే ఏదో పుణ్యం కలుగుతుందని చెప్పి పొట్టుతోనే బియ్యం వండుకొనేవాడు శ్రద్ధాళువు కాడు, అవివేకి. ఆగ్నేయ మహానస విధిని కూడ ఇట్లే పరిశీలించవలెను. దానికి దృష్టప్రయోజనం ఉన్నదా?

ఉన్నది, అదీ పల్నాటి నేలమీద స్పష్టంగా ఉన్నది. ఈ ప్రాంతంలో చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం వీచే వడగాలి పడమటి గాలి. రెంటచింతల ఉష్ణోగ్రతలు ఏటా వార్తలకెక్కే సంగతి ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి ప్రధానంగా నైరృతి, పడమరల నుండి వస్తుంది. ఆశ్వయుజం దాటిన తరువాత ఈశాన్యపు గాలి తిరుగుతుంది. ఇప్పుడు ఇంటి ఆగ్నేయమూలలో పొయ్యి వెలిగించినట్లు ఊహించి చూస్తే, పడమటి గాలికి పొగ తూర్పుగా ఇంటిని విడిచి పోతుంది. నైరృతి గాలికి కూడ అది తూర్పు పెరటి మీదుగానే బయటపడుతుంది. ఈశాన్యపు గాలికి దక్షిణపు గోడ వెంబడి సాగిపోతుంది. ఏ ఋతువులోనూ పొగ గాని నిప్పురవ్వ గాని ఇంటి నడుమకు రాదు. ఊరంతా తాటాకు, బోద కప్పులుగా ఉన్న రోజులలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. పడమటి వైపు ఎగిరిన ఒక్క రవ్వ వడగాలిలో వీధి వీధినంతా భస్మం చేయగలదు. ఉదయసూర్యుని వెలుగు తూర్పు గోడమీద పడే వేళకే వంట సాగడం మరొక సౌకర్యం. నియమకర్తలు పొయ్యిని చూసినారు, గాలిని చూసినారు, సూర్యుని చూసినారు. ఆ మూడింటినీ చూసి దిక్కు చెప్పినారు.

ఇందుకు ప్రతిదృష్టాంతం కేరళదేశం. 16వ శతాబ్దపు మనుష్యాలయచంద్రికను ప్రమాణంగా గ్రహించే ఆ ప్రాంతంలో సంప్రదాయ గృహాలకు వంటయిల్లు ఈశాన్యభాగంలో ఉండడం సామాన్యం. దాని ప్రక్కనే బావి. అక్కడి వారు శాస్త్రం తెలియనివారా? కాదు. వాస్తువిద్యను నేటికీ జీవంతంగా నిలుపుకొన్న వారిలో వారు అగ్రగణ్యులు. సముద్రం మీదుగా నైరృతి పవనం నేరుగా వచ్చి తాకే ఆ భూమిలో పొగను ఇంటికి దూరంగా తీసికొనిపోయే మూల ఈశాన్యమే. దేశం మారితే గాలి మారింది, గాలి మారితే మూల మారింది. ఇంకొక సంగతి. శ్రౌతయాగశాలలో గార్హపత్యం పశ్చిమంలో, ఆహవనీయం తూర్పున, దక్షిణాగ్ని దక్షిణాన ఉంటాయి. గృహపతి పేరుతోనే పిలువబడే గార్హపత్యం మీద హవిస్సు వండడం శ్రుతిసిద్ధం. అగ్ని ఆగ్నేయంలో తప్ప మరెక్కడా నిలువకూడదని వాదించేవారు ఈ గార్హపత్యం ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను.

ఇక గాలి విషయం. తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమాన్ని చెబుతూ ఆకాశం నుండి వాయువు, వాయువు నుండి అగ్ని పుట్టినట్లు చెప్పినది. ఛాందోగ్యంలో రైక్వుడు జానశ్రుతికి ఉపదేశించిన సంవర్గవిద్యలో చల్లారిన అగ్ని వాయువులోనే లీనమవుతుందని ఉన్నది. జనకుడు, లయస్థానం రెండూ వాయువే అయినప్పుడు, వాయువు లేని గదిలో అగ్నిని ప్రతిష్ఠించడం తల్లి లేని ఇంట్లో పసిబిడ్డను విడవడం వంటిది. మన భాషలో కిటికీకి ఉన్న సంస్కృతనామాలే ఈ సంగతిని చెబుతున్నాయి. వాతాయనం అంటే వాయువు నడిచే దారి. గవాక్షం అంటే ఆవుకన్ను వంటి రంధ్రం. పాత మట్టిమిద్దెల పైకప్పులో పొయ్యికి పైగా విడిచిన గవాక్షి అదే. వంద సంవత్సరాల క్రితపు మట్టిమిద్దె కట్టిన నిరక్షరాస్యుడైన ఉప్పరికి తెలిసిన ఈ సంగతి, నేటి శ్లాబు ఇంటిలో మాయమైంది.

ఎందుకు మాయమైంది? గ్యాసు పొయ్యి వచ్చింది కనుక. పొగ లేదు, ఇక గవాక్షం దేనికన్నారు. ఈ పొరపాటును తర్కశాస్త్రం ప్రారంభపాఠంలోనే ఖండించడం ఒక విశేషం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానాన్ని వివరిస్తూ, పర్వతం మీది పొగను చూసి అగ్నిని ఊహించడానికి దృష్టాంతంగా చూపినది ఎక్కడో యాగశాలను కాదు, మహానసాన్నే. మన ఇంటి వంటగది మూడువందల సంవత్సరాలకు పైగా విద్యార్థుల నోట నిలిచిన ఉదాహరణ. అయితే ఆ వ్యాప్తి ఒక్క వైపే నడుస్తుంది. పొగ ఉన్నచోట అగ్ని ఉన్నది. అగ్ని ఉన్నచోటల్లా పొగ ఉండదు. కాల్చిన ఇనుపగుండులో అగ్ని ఉన్నది, పొగ లేదు. నేటి గ్యాసు పొయ్యి ఆ ఇనుపగుండు వంటిదే. పొగ లేదు కనుక అగ్నిధర్మాలు కూడ లేవని భావించడం హేత్వాభాసం. నీలిమంట అయినా గదిలోని ప్రాణవాయువును తింటుంది, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది, తాపాన్ని, తేమను నింపుతుంది. అన్నిటికీ మించి ఇది పల్నాడు. ఎండుమిరపకాయ పోపులో పడిన క్షణంలో మూసిన గదిలో నిలిచినవారి పరిస్థితి ఏమిటో వర్ణించే పని లేదు. మగవారు పడసాలలో దగ్గి, మీడియాకు తెలియని ఆ మహాసంకటం గురించి ఒక మాట విసిరి ఊరకుంటారు. లోపల ఉన్నవారు మాత్రం అక్కడే ఉంటారు.

పొగ పూర్తిగా పోయిందన్నదీ నిజం కాదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల, 2024లో దీపం-2 ద్వారా ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చి గ్రామాల వంటయిళ్లను చాలావరకు మార్చినాయి. అయినా పత్తికట్టె, మిరపకట్టె, కందికంప ఇంటిముందే గుట్టలుగా పడి ఉండగా, నీళ్లు కాచుకోవడానికి, పశువుల కుడితికి, పండుగనాటి పెద్దవంటకు కట్టెల పొయ్యి నేటికీ వెలుగుతూనే ఉన్నది. ఇళ్లలో వాడే కట్టె, పిడక, కిరసనాయిలు వంటి వాటి పొగవలన 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పాకశాలను యజ్ఞశాల అని పూజించే జాతి, ఆ యజ్ఞశాలలో ఋత్విక్కు స్థానంలో నిలిచిన స్త్రీ ఊపిరితిత్తులను గురించి విచారించకపోవడం ధర్మం ఎట్లా అవుతుంది?

దిక్కు, ద్వారం, వాతాయనం మూడూ కలిసిన విన్యాసం ఎట్లా ఉండవలెనో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పడమర లేక ఉత్తర ముఖంగా ఉన్న ఇంటికి ఆగ్నేయమూల వెనుక భాగంలో పడుతుంది. ఇది సులభమైన సందర్భం. ఆ మూలలో ఉత్తర దక్షిణాలుగా పది అడుగులు, తూర్పు పడమరలుగా ఎనిమిది అడుగులు గల గది అనుకొంటే, తూర్పు దక్షిణపు గోడలు బయటివి, ఉత్తర పశ్చిమపు గోడలు లోపలివి. తూర్పుగోడ ఉత్తరపు కొసన, అంటే ఉచ్చస్థానంలో, మూడడుగుల దొడ్డివాకిలి. ఇంటిలోనుండి వచ్చే ద్వారం ఉత్తరపు గోడకు తూర్పు కొసన. ఈ రెండు ద్వారాలు గది ఈశాన్యపు మూలలో పక్కపక్కన ఉండడం వలన పెరటికి పోయే నడక ఆ మూలతోనే సరిపోతుంది. నీళ్లబిందెతో వచ్చేవారు గాని, పరుగెత్తే పిల్లలు గాని పొయ్యి ముందు నిలుచున్న మనిషి వెనుకగా పోనక్కరలేదు. కాగిన నూనె మూకుడు చేతిలో ఉండగా వెనుకనుండి పిల్లవాడు తగలడం ఏ ఇంట్లోనైనా జరుగగల ప్రమాదం. దానిని తలుపు స్థానంతోనే నివారించవచ్చు.

దొడ్డివాకిలి పోగా తూర్పుగోడకు మిగిలిన ఏడడుగులు వంటగట్టు. మన నాపరాయి దానికి చాలు, పాలరాయి కొరకు రాజస్థానం వరకు పోవలసిన పని లేదు. ఆ గట్టు దక్షిణపు భాగాన పొయ్యి, ఉత్తరపు కొసన నీటితొట్టి. వండేవారు తూర్పుముఖంగా నిలుస్తారు, శాస్త్రం నెరవేరుతుంది. దొడ్డివాకిలి ఎడమచేతి వైపు ఉండడం వలన ఎవరు వస్తున్నదీ కంటికొసన కనబడుతుంది. నీటితొట్టి వాకిలి పక్కనే ఉన్నందున వాడిన నీరు గోడ దాటి నేరుగా జాలారిలోకి, అరటిచెట్టు మొదట్లోకి పోతుంది. అగ్నికి జలానికి నడుమ మూడు నాలుగడుగుల ఎడం ఉంటుంది.

పెద్దకిటికీ దక్షిణపు గోడకు. చాలామంది పొయ్యికి సరిగ్గా ఎదురుగా తూర్పుగోడలో కిటికీ పెడతారు. చూడడానికి బాగుంటుంది, పొద్దున్నే సూర్యదర్శనమూ అవుతుంది. కాని గాలి మంటను ఆర్పివేయవచ్చు, ఆరినది గమనించకపోతే గ్యాసు గదిలో చేరుతుంది. కిటికీకి తెర కట్టి ఉంటే ఆ తెర అంటుకొనవచ్చు. కనుక తూర్పుగోడలో నీటితొట్టి పైగా చిన్న కిటికీ, దక్షిణపు గోడలో పొయ్యికి బారెడు ఎడంగా పెద్దకిటికీ, శ్లాబుకు ఆనుకొని రెండు గోడలకూ వెంటిలేటర్లు ఉండడం ఉత్తమం. వేడిగాలి పైకి లేస్తుంది, దానికి దారి పైనే ఉండవలెను. కిటికీ రెక్కలు బయటికి తెరుచుకొనవలెను, లోపలికి తెరుచుకొంటే గిన్నెలు పెట్టిన మొదటి రోజునుండి ఆ రెక్క ఎవరూ తెరవరు. కిటికీ ఎంత పెద్దదన్న ప్రశ్నకు జాతీయ భవన నిర్మాణ నియమావళి సమాధానం చెబుతుంది. వంటగది కనీసం 5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 54 చదరపు అడుగులు ఉండవలెను. వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. బయటి గాలిలోకి తెరుచుకొనే కిటికీ 1 చదరపు మీటరుకు తక్కువ కారాదు. పొడి వేడి ప్రాంతాలలో గదికి కిటికీల వైశాల్యం నేలలో పదవవంతు, వంటగదికి మరొక 25 శాతం అధికం. పై ఉదాహరణలోని 80 చదరపు అడుగుల గదికి లెక్కవేస్తే అది పది చదరపు అడుగులు. రెండు లెక్కలూ దాదాపు ఒక్కచోటికే వచ్చినాయి.

గట్టు ఎత్తును మేస్త్రీ తన అలవాటు ప్రకారం కడతాడు. అగ్నిచయనంలో వేదికి మానం యజమాని శరీరమే. చేతులెత్తి నిలుచున్న యజమాని ఎత్తే పురుషప్రమాణం. ఆ న్యాయం ప్రకారం వంటగట్టుకు మానం వండే ఇల్లాలి శరీరం కావలెను. ఆమె మోచేతికి నాలుగైదు అంగుళాలు క్రిందుగా గట్టు ఉంటే నడుము వంగదు. గోడ కట్టే ముందు ఆమెను ఒక్కసారి అక్కడ నిలువబెట్టి చూసిన గృహస్థులు ఎందరో తెలియదు. వాస్తు పురుషుని తల ఎక్కడ, పాదాలు ఎక్కడ అని విచారించేవారు, వంటయింట్లో నిలిచే స్త్రీ తల ఎక్కడ తగులుతున్నదో కూడ విచారించవచ్చు.

కష్టమైన సందర్భం తూర్పుముఖపు, దక్షిణముఖపు ఇళ్లది. వీటికి ఆగ్నేయం వీధి వైపు పడుతుంది. విశాలమైన స్థలం ఉన్నవారు వీధికి లోపలగా జరిపి కట్టుకొంటారు. కాని 2020 డిసెంబరులో ఆరంభమైన ఇళ్లస్థలాల పంపిణీలో గ్రామాలలోని పేదకుటుంబాలకు లభించినది సెంటున్నర, అంటే 72.6 చదరపు గజాలు. దానిమీద కట్టే ఇంటి వైశాల్యం 340 చదరపు అడుగులు. ముఖం ఎటు అన్నది లేఅవుటు గీసినవారి చేతిలో ఉన్నది, గృహస్థుని చేతిలో లేదు. ఇటువంటి తూర్పుముఖపు ఇంట్లో పట్టుపట్టి ఆగ్నేయంలోనే వంటగది కడితే ఏమవుతున్నది? వండే అన్నం దారినపోయేవారి కంట పడరాదని తూర్పు కిటికీ మూస్తారు. దక్షిణాన పొరుగువారి గోడ రెండడుగుల దూరంలో ఉంటుంది, అక్కడ పెట్టిన కిటికీ వారి అభ్యంతరం వలన మూతపడుతుంది. మిగిలినది దిక్కు తప్ప మరేదీ లేని చీకటికొట్టు. వాస్తు పటంలో అది నూటికి నూరుపాళ్లు శుద్ధం. అందులో రోజుకు మూడు నాలుగు గంటలు నిలిచే మనిషికి అది శిక్ష.

అటువంటి చోట వాయవ్యాన్ని ఆశ్రయించడం ఉచితం. మన ప్రాంతంలో పెద్దలు ఆగ్నేయం తరువాత వాయవ్యాన్నే అంగీకరించినారు. ఇందులో శాస్త్రద్రోహం ఏమీ లేదు. సోమలత దొరకనప్పుడు పూతీకలను, వ్రీహులు దొరకనప్పుడు నీవారాలను గ్రహించుమని యజ్ఞశాస్త్రమే ప్రతినిధి న్యాయాన్ని ఉపదేశించినది. ప్రతినిధి దొరికినప్పుడు యాగాన్ని మానరు. అంతేకాదు, కామ్యకర్మకు సర్వాంగాలు కావలెను గాని, నిత్యకర్మ యథాశక్తి చేసినా సిద్ధిస్తుందని మీమాంసకులు నిర్ణయించినారు. అన్నం వండడం నిత్యకర్మ కాక మరేమిటి? ఒక అంగం లోపించినంత మాత్రాన అది చెడదు. చెడగొట్టేది అంగం కొరకు ప్రధానాన్ని బలి ఇవ్వడం. తూర్పుముఖపు ఇంటికి, దక్షిణముఖపు ఇంటికి వాయవ్యం వెనుక భాగంలోనే పడుతుంది కనుక పెరడు, దొడ్డివాకిలి దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త అవసరం. పడమటి గోడకు పెద్దకిటికీ పెట్టరాదు, వేసవిలో వడగాలి నేరుగా పొయ్యి మీదికి వస్తుంది. పెద్దకిటికీ ఉత్తరానికి, పడమట పైన వెంటిలేటరు మాత్రమే. గట్టు తూర్పుగోడకు ఆనించవలెను, అప్పుడు తూర్పుముఖంగా వండే నియమమూ నిలుస్తుంది. ఆ గోడ లోపలి గోడ కనుక వెనుకనున్న గదిలోకి వేడి రాకుండ పొయ్యిని ఉత్తరపు కిటికీ సమీపానికి, బారెడు ఎడంగా, జరుపుకొనవలెను.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మరుగుదొడ్డిని కూడ వాయవ్యంలో పెట్టడం ఇప్పటి అలవాటు. సెంటున్నర స్థలంలో రెండూ ఒక్క మూలకు చేరితే వంటయింటి కిటికీ, మరుగుదొడ్డి గొట్టం ఎదురెదురుగా నిలుస్తాయి. దీనికి పటంలో పరిష్కారం వెతకడం వృథా, ముక్కుకు తెలిసినది చేయవలెను. వెనుక పెరటిలో మరుగుదొడ్డిని నైరృతి వైపు దూరంగా జరిపి, దాని గాలిగొట్టాన్ని శ్లాబుకు పైగా ఎత్తి, తలుపు వంటయింటి వైపు తెరుచుకొనకుండ చూడడం మేలు. నైరృతిలో గొయ్యి కూడదని సలహాదారు బెదిరిస్తాడు. అన్నశుద్ధి కంటె గొయ్యి దిక్కు గొప్పదని ఏ స్మృతి చెప్పిందో అతనినే అడుగవచ్చు.

బెదిరింపుల ప్రస్తావన వచ్చినది కనుక ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కట్టి రెండేండ్లు కాని ఇంటిలో వంటగదిని పగులగొట్టించడం, ఉన్న కిటికీకి ఇటుకలు పేర్పించడం, దానికి వాస్తు సంస్కారమని పేరు పెట్టడం నేడు పల్నాటి పల్లెలలో ఒక వృత్తి అయింది. మిరపకు ధర పడిపోయిన ఏడు, కూతురి పెండ్లి కుదరని ఏడు, ఆ వృత్తికి మంచి గిరాకీ. అప్పుచేసి గోడ కూల్చిన రైతుకు ధర పెరగదు, వడ్డీ పెరుగుతుంది. దోషభయం ఉన్నవారికి శాస్త్రం చెప్పిన ఉపాయం గునపం కాదు. గృహస్థుని ఇంటిలో నిత్యం హింస జరిగే ఐదు స్థానాలను మనుస్మృతి పంచసూనలుగా లెక్కించినది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. తెలియకనే వీటివద్ద సూక్ష్మజీవులు నశిస్తాయి. ఆ దోషానికి పరిహారం పంచమహాయజ్ఞాలు: వేదాధ్యయనం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథిపూజ. వంటయింటి పాపాలను లెక్కపెట్టిన స్మృతికర్త ఐదింటిలో ఒక్కటైనా దిక్కుతప్పిన పొయ్యి అని చెప్పలేదు. తనకొరకే వండుకొని తినేవాడు పాపాన్నే తింటున్నాడని గీతలో భగవానుడు హెచ్చరించినాడు. అక్కడా ప్రశ్న ఎవరికొరకు వండినావన్నదే. ఆగ్నేయంలో వండి అతిథిని వాకిటినుండి పంపివేసిన ఇల్లు ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుందో సాధకులు యోచించవచ్చు.

ఆగ్నేయాన్ని ఎగతాళి చేసే నగరవాసులకూ ఒక సంగతి తెలియవలెను. అపార్ట్‌మెంటులలో వంటయింటికి తలుపే లేకుండ కట్టే పద్ధతి ఈ మధ్య నరసరావుపేట, వినుకొండల వరకు వచ్చింది. పోపు ఘాటు పడకగదుల దాకా, దేవుని మందిరం దాకా వ్యాపిస్తుంది. నైవేద్యానికి ముందే ఇల్లంతా వాసన చూసినట్లవుతుంది. ఆ నిర్మాణాలలో కిటికీ తరచుగా గాలిబావి అనే ఇరుకు సందులోకి తెరుచుకొంటుంది, పైఅంతస్తు క్రిందిఅంతస్తుల పొగలన్నీ అందులోనే తిరుగుతుంటాయి. అక్కడ కొనేవారు దిక్కు అడగడం మానినా, కిటికీ ఆకాశానికి తెరుచుకొన్నదా లేదా అన్నది తప్పక అడగవలెను. విద్యుత్ పంకా దానికి సహాయకారి, ప్రత్యామ్నాయం కాదు. కరెంటు పోయిన వేళ అది గోడకు తగిలించిన ఇనుపచక్రం.

చివరగా గ్యాసు సిలిండరు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినప్పుడు పొగవలె పైకి పోదు, నీటివలె నేలమీద పరుచుకొని పల్లంలో నిలుస్తుంది. పైన ఎన్ని గవాక్షాలున్నా అది వాటిని చేరదు. అందుచేత సిలిండరు నిలువుగా, నేలమట్టానికి తగ్గని చోట, పొయ్యికి క్రిందుగా ఉండవలెను. నేలకంటె పల్లంగా తవ్విన గూటిలో గాని, గాలి ఆడని అలమరలో గాని బంధించరాదు. బయటి గోడకు నేలకు జానెడు లోపున జాలీ అమర్చిన చిన్న రంధ్రం ఒకటి విడువవలెను. దొడ్డివాకిలికి ఎత్తైన గడప కట్టే పక్షంలో ఈ రంధ్రం మరీ అవసరం, లేకపోతే గడపే కట్టగా నిలిచి గ్యాసును లోపల ఆపుతుంది. గృహప్రవేశం నాడు పాలు పొంగించే ముందు పురోహితుడు ఎట్లాగూ వంటయింట్లో అడుగు పెడతాడు. అప్పుడే నేలవైపు ఒకసారి చూసి, ఆ రంధ్రం విడిచినారా అని గృహస్థుని అడిగితే, పొయ్యి వెలిగించే ముందే మేస్త్రీని పిలిపించడానికి వ్యవధి ఉంటుంది.